మస్టర్‌లో పేర్లున్నాయి, పనిలో మనుషులు లేరు: సామాజిక తనిఖీ వస్తే ఏం జరుగుతుంది?

చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. తిరుపతి జిల్లాలో ఒక పల్లె మీది. మీ అమ్మగారు కరువు పనికి, అంటే ఉపాధి హామీ పనికి వెళ్తారు. మీరు వెబ్‌సైట్‌లో మీ పంచాయతీ మస్టర్లు, అంటే పని హాజరు పట్టీలు, తెరిచి చూస్తే తిరుపతిలో ఆటో తోలే అబ్బాయి, బెంగళూరులో ఉద్యోగం చేసే అమ్మాయి వారానికి ఆరు రోజులు మట్టి తవ్వినట్టు ఉంది. వచ్చే నెల మీ మండలానికి సామాజిక తనిఖీ, అంటే పనుల రికార్డులను ఊరి జనం ముందే చదివి సరిచూసే తనిఖీ, వస్తోంది. ఊళ్లో పని చూసుకుని హాజరు వేసే ఫీల్డ్ అసిస్టెంటేమో మీ పెదనాన్న కొడుకు. "పేదల కోసం ఇంత ఖర్చు పెట్టే ప్రభుత్వం ఆ డబ్బు ఏమైందో చూసుకోదా సార్? ఈ తనిఖీ వల్ల ఏమైనా ఒరుగుతుందా, ఫొటోలు దిగి పోతారా?" అని అడిగారు.

ముందుగా, నేను సార్‌ను కాదు, అక్కను. మా అమ్మ కూడా కరువు పనికి పోయిన మనిషే. నేను ఇంటర్ తర్వాత గ్రామ సామాజిక తనిఖీదారుగా చేరి, తర్వాత డీఆర్పీగా, అంటే తనిఖీ బృందాన్ని నడిపే జిల్లా రిసోర్స్ పర్సన్‌గా, పాత చిత్తూరు జిల్లాలోనూ బయటా మొత్తం పదకొండేళ్లు టేపు పట్టుకుని తిరిగాను. ఇప్పుడు ఆ పనిలో లేను కాబట్టి కాస్త ధైర్యంగానే రాస్తాను.

ప్రభుత్వం చూసుకోదా అంటే, చూసుకునేవాళ్లకు లోటు లేదు. పని కొలిచే టెక్నికల్ అసిస్టెంట్, ఆయన మీద మండలంలో పథకం చూసే ఏపీవో, ఎంపీడీవో, జిల్లాలో పథకం నడిపే డ్వామా పీడీ, ఆ పైన కలెక్టర్. కేంద్ర పథకాలను సమీక్షించడానికి ఎంపీ అధ్యక్షతన దిశ కమిటీ. జిల్లాకో అంబుడ్స్‌మన్. వీళ్లందరి మీదా ప్రభుత్వ లెక్కలు ఆడిట్ చేసే కాగ్. కాగ్ నివేదిక గవర్నర్‌కు వెళ్లి, అక్కడి నుంచి అసెంబ్లీకి, తర్వాత పబ్లిక్ అకౌంట్స్ కమిటీకి వెళ్తుంది. కాకపోతే కాగ్ శాంపిల్ తీసి చూస్తుంది. ఉపాధి హామీ మీద 2013లో పార్లమెంటుకు వచ్చిన నివేదిక కోసం దేశం మొత్తం మీద వాళ్లు చూసినవి 3,848 పంచాయతీలు. దేశంలో ఉన్నవి రెండు లక్షల పైచిలుకు. మీ ఊరు అందులో పడాలంటే లాటరీ తగలాలి. పడినా వాళ్లు ప్రధానంగా చూసేది రికార్డు. రికార్డు బాగుంటే వాళ్లకు అంతా బాగున్నట్టే.

ఇక్కడే నాకు ఒక ఊరి సంగతి గుర్తొస్తుంది. పేరు చెప్పను. మే నెల, రాత్రి ఎనిమిది. రామాలయం అరుగు మీద కూర్చుని మస్టర్ చదువుతున్నాం. చదవడమంటే గట్టిగా అందరికీ వినబడేట్టు: పని పేరు, తేదీలు, కూలీ పేరు, ఎన్ని రోజులు, ఎంత పడింది. మస్టర్ అద్దంలా ఉంది. కొట్టివేతలు లేవు, సంతకాలున్నాయి, ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, లెక్కలు సరిపోతున్నాయి. ఏ ఆడిటర్ చూసినా టిక్కు పెట్టి పేజీ తిప్పేస్తాడు. నలభై రెండు మంది, ఆరు రోజులు, ఒక్కరూ నాగా లేదు. నేను తేదీలు చదవగానే వెనక కూర్చున్న ఒక ముసలావిడ పకపకా నవ్వింది. "ఏమ్మా, యా వారం అంటివి? అది మా ఊరి గంగజాతర కదమ్మా! ఆ వారంలో పార పట్టినోడు ఎవుడుండాడు ఈడ?" ఊరంతా ఒక్కసారి నవ్వింది. ఫీల్డ్ అసిస్టెంట్ కూడా ముందు నవ్వేసి, తర్వాత తల దించుకున్నాడు.

విజయవాడలో కూర్చున్న ఏ ఆఫీసరుకీ ఆ ఊళ్లో జాతర ఏ వారమో తెలియదు. కంప్యూటర్‌కూ తెలియదు. ఆ ముసలావిడకు తెలుసు. పదకొండేళ్లలో మేం పట్టుకున్న వాటిలో ఎక్కువ భాగం ఇలాగే, ఆ ఊరి మనిషి ముందు కాగితాన్ని పైకి చదివినప్పుడే దొరికాయి.

ఈ పద్ధతి మన దగ్గర పుట్టింది కాదు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు 1994లో పల్లెల్లో జనసునవాయీలు, అంటే బహిరంగ విచారణలు, పెట్టి బిల్లులు, మస్టర్లు జనం ముందు చదవడం మొదలుపెట్టారు. అదే పోరాటం నుంచి సమాచార హక్కు చట్టం దాకా వచ్చింది. 2005 ఉపాధి హామీ చట్టంలో 17వ సెక్షన్ గ్రామసభే పనుల మీద సామాజిక తనిఖీ చేయాలంటుంది, మస్టర్లు, బిల్లులు, వోచర్లు, ఎం-బుక్కులు, మంజూరు ఉత్తర్వుల కాపీలు పంచాయతీ ఇచ్చి తీరాలంటుంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైనప్పుడు తొలి విడత 200 జిల్లాల్లో మన చిత్తూరు ఉంది. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్‌లో ఈ తనిఖీలు మొదలయ్యాయి. 2009లో దీనికోసమే విడిగా ఒక సొసైటీ పెట్టారు. పని చేయించేవాళ్లే పని తనిఖీ చేయకూడదన్నది దాని వెనక ఉద్దేశం. 2011లో కేంద్రం కాగ్‌ను సంప్రదించి ఆడిట్ నియమాలు తెచ్చి, ఆరు నెలలకు ఒక్కసారైనా తనిఖీ జరగాలని రాసింది. ఆరు నెలలకోసారి జరిగిన ఊళ్లు నేను చూసినవి తక్కువే.

ఇక కొలతల సంగతి. టేపు పెట్టి కొలవడం అంటే తేలిక అనుకుంటారు. మన జిల్లాల్లో ఉపాధి హామీ కింద చిన్న రైతుల చేలల్లో మామిడి మొక్కలు బాగా పెట్టించారు. ఎనిమిది మీటర్ల ఎడంతో పెడితే ఎకరాకు అరవై మూడు వరకు పడతాయి. ఒక రైతు చేనులో రెండెకరాలకు 126 మొక్కలు రికార్డులో ఉన్నాయి. నేను, ఇంకో అమ్మాయి వరసలు పట్టుకుని లెక్కపెడితే బతికున్నవి 71. పక్కనే ఎండిన పుల్లలు, కొన్ని గుంతల్లో అవీ లేవు. రైతు చేతులు జోడించాడు. "గొర్రెలు మేసేసినాయమ్మా, ఆ ఎండాకాలం బోరు కూడా ఎండిపాయ." అబద్ధం కాదు, బోరు నేనే చూశాను. మొక్క చచ్చిపోవడం అవినీతి కాదు. రాయలసీమలో అది మామూలు విషయం. కానీ నీళ్లు పోసిన కూలి బిల్లు చూస్తే నెల నెలా 126 మొక్కలకూ పడింది. చచ్చిన మొక్కకు నీళ్లెవరు పోశారు? ఆ 55 మొక్కల నీటి డబ్బులు ఏ ఖాతాకు పోయాయో చూస్తే రైతుకు కాదు, ఆ ఊళ్లో లేని ఇద్దరికి పోయాయి.

నేను ఈ కథ చెప్పేది ఎందుకంటే, చేను చూసి "మొక్కల్లేవు, రైతు తినేశాడు" అని రాసి వచ్చేసే తనిఖీదారులూ ఉన్నారు. అలా రాస్తే రికవరీ ఆ రైతు మెడకు చుట్టుకుంటుంది. బిల్లు దాకా తవ్వితే గానీ అసలు మనిషి బయటపడడు. మీ ఊళ్లో కూడా మొదట కంటికి కనిపించినవాడే దొంగ అని తేల్చకండి.

ఇప్పుడు హాజరు యాప్ ఉంది కదా, ఇవన్నీ ఎలా జరుగుతాయి అంటారేమో. 2023 జనవరి నుంచి పని జాగాలో రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి ఎక్కించాలి. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు ఉత్తరం రాసింది: సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారు, ఫొటోను చూసి ఫొటో తీస్తున్నారు, ఒకే ఫొటో వేర్వేరు మస్టర్లకు వాడుతున్నారు, మధ్యాహ్నం ఫొటో అసలు ఎక్కించడమే లేదు అని. మనిషిని మోసం చేయడం కష్టం గానీ ఫోన్‌ను మోసం చేయడం ఎంతసేపు! పైగా సిగ్నల్ లేని గుట్ట కింద నిజంగా పని చేసిన ఆడవాళ్లకు ఫొటో ఎక్కక కూలి పోయిన సందర్భాలు నేనే రాసుకున్నాను. అయినా ఆ ఫొటోలు మీకు పనికొస్తాయి. వెబ్‌సైట్‌లో మస్టర్ నంబరు పక్కన ఉంటాయి. మస్టర్‌లో ఇరవై మంది, ఫొటోలో తొమ్మిది తలలుంటే ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

కూలి డబ్బుల సంగతి ఇంతైతే, మెటీరియల్ సంగతి వేరు. చట్టం ప్రకారం ఖర్చులో మెటీరియల్ 40 శాతం దాటకూడదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తనిఖీ నివేదికల మీద జరిగిన అధ్యయనంలో తేలిందేమిటంటే, తనిఖీలు మొదలయ్యాక తినడం ఆగలేదు, కూలి పద్దు నుంచి మెటీరియల్ పద్దుకు మారింది. నా అనుభవం కూడా అదే. కూలీ పేరు చదివితే ఊరు పలుకుతుంది. సిమెంటు బస్తాల లెక్క చదివితే ఎవరికి తెలుస్తుంది? సీసీ రోడ్డు పొడవు, వెడల్పు కొలవగలం, మందం అంచు దగ్గర చూడగలం. అంచులో మాత్రం దిట్టంగా పోసి మధ్యలో పలచగా పోసే మేస్త్రీలున్నారు, వాళ్ల తెలివికి దండం.

ఇక మీరు అసలు అడిగింది, ఏమైనా ఒరుగుతుందా అని. ఊరిలో ఇల్లిల్లూ తిరగడం, పనులు కొలవడం, గ్రామసభ అయ్యాక మండలంలో ప్రజావేదిక పెడతారు. ఎంపీడీవో ఆఫీసు ఆవరణలో షామియానా, వేదిక మీద ప్రిసైడింగ్ ఆఫీసర్, పక్కన ఏపీవో, విజిలెన్స్ వాళ్లు, నాయకులు. పంచాయతీ వారీగా నివేదిక చదువుతారు. కింద అటు ఫీల్డ్ అసిస్టెంట్లు, ఇటు కూలీలు. మధ్యలో మైకు.

మా తనిఖీ దెబ్బతినేది ఈ షామియానా కిందే. ఒక మండలంలో మేం పదిహేను రోజులు తిరిగి ఒక పంచాయతీలో లక్షా ఎనభై వేల దాకా తేడా రాశాం. పంతొమ్మిది మంది కూలీల స్టేట్‌మెంట్లు, సంతకాలు, వేలిముద్రలతో సహా. ప్రజావేదిక రోజు వాళ్లలో పదిహేడు మంది మైకు పట్టుకుని "పని చేసినాం, డబ్బులు వచ్చినాయి, ఈయమ్మ ఏం రాసుకునిందో మాకు తెల్దు" అన్నారు. అంతకుముందు రాత్రి ఊళ్లో ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. చివరికి రికవరీ పదకొండు వేలు. నాకు ఆ రోజు భోజనం సయించలేదు. వాళ్ల మీద కోపం రాలేదని అబద్ధం చెప్పను. కానీ నేను మర్నాడు బస్సెక్కి పోతాను, వాళ్లు ఆ ఫీల్డ్ అసిస్టెంట్ దగ్గరే రేపు పని అడగాలి.

పైస్థాయిలో లెక్క ఇంకా చేదు. 2017-18 నుంచి 2020-21 దాకా దేశమంతటా సామాజిక తనిఖీల్లో దుర్వినియోగమైనట్టు తేలింది సుమారు 935 కోట్లని, అందులో తిరిగి వచ్చింది 12.5 కోట్లేనని 2021లో పత్రికల్లో వచ్చింది. వందకు ఒకటిన్నర రూపాయి కూడా కాదు. కేంద్ర చట్టం 25వ సెక్షన్‌లో జరిమానా ఎంతో తెలుసా? గరిష్ఠంగా వెయ్యి రూపాయలు. 2012లో మన రాష్ట్రం దీనికోసమే వేరే చట్టం చేసి మొబైల్ కోర్టులు పెడతామంది. నా పదకొండేళ్లలో నేను వెళ్లిన ఏ ప్రజావేదిక దగ్గరా అలాంటి కోర్టు కంటపడలేదు. నేను చూసినంతవరకు ఫీల్డ్ అసిస్టెంట్‌కు రికవరీ, టెక్నికల్ అసిస్టెంట్‌కు హెచ్చరిక, ఆ పైవాళ్లకు శాలువా.

తనిఖీదారులంతా సత్యహరిశ్చంద్రులు కూడా కారు. మేం ఫీల్డ్ అసిస్టెంట్ ఇంట్లో టీ కూడా తాగకూడదు. స్కూల్లోనో పంచాయతీ ఆఫీసులోనో పడుకుని, కూలీల ఇళ్లల్లో సంగటి తినాలి. చాలామంది అలాగే చేశారు. కొందరు లాడ్జిలో దిగారు. లాడ్జి బిల్లు ఎవరు కట్టారని అడగండి, అర్థమైపోతుంది. మీ ఊరికి వచ్చే బృందం ఎక్కడ దిగిందో మీరూ గమనించండి.

ఇంత చెప్పాక కూడా తనిఖీ దండగ అని నేను అనను. డబ్బు తిరిగి రాకపోయినా, జాతర వారం మస్టర్ ఆ ఊళ్లో మళ్లీ రాయలేదు. ఇంకో మాట. ఈమధ్య ప్రభుత్వాలకు తనిఖీ అంటే పేదవాణ్ని తనిఖీ చేయడమే అయిపోయింది. 2025లో దివ్యాంగుల పింఛన్ల కోసం ఇచ్చిన సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్లు మళ్లీ పరీక్షిస్తే ఎంత గోల అయిందో చూశారు కదా. దొంగ సర్టిఫికెట్లు లేవని కాదు. అవి ఇచ్చిన సంతకాల మాట మాత్రం నాకు అంతగా వినబడలేదు. ఖర్చు పెట్టేవాణ్ని కూలీ ప్రశ్నించే తనిఖీ నేను చూసినంతలో ఇదొక్కటే.

2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో కొత్తది ఆమోదించింది. రోజులు 100 నుంచి 125కు పెరుగుతాయి, ఖర్చులో మన లాంటి రాష్ట్రాల వాటా 40 శాతం అవుతుంది. గ్రామసభ చేసే సామాజిక తనిఖీ అందులోనూ ఉంది. మీ ఊళ్లో ఇప్పుడు చూడబోయేది మాత్రం పాత చట్టం కింద ఖర్చయిన డబ్బునే, కాబట్టి కొత్త చట్టం గురించి టెన్షన్ పడకండి.

ఇప్పుడు మీరేం చేయాలంటే, ముందు ఆ ఆటో అబ్బాయి, బెంగళూరు అమ్మాయి విషయంలో తేదీలు చూడండి. ఏ ఏడాది మస్టర్ అది? 2020 కరోనా వేసవిలో బెంగళూరు, చెన్నై నుంచి వచ్చేసిన డిగ్రీ పిల్లలు నిజంగానే పలుగు పట్టారు. నేనే చూశాను, చేతులు బొబ్బలెక్కి కూర్చునేవాళ్లు. జాబ్ కార్డు కుటుంబానికి ఒకటే కాబట్టి ఒకరి బదులు ఇంకొకరు వెళ్లి పని చేయడం కూడా ఉంటుంది. అది తప్పే కానీ దొంగతనం కాదు. ఇవి తీసేశాక మిగిలినవే రాయండి.

రాసేటప్పుడు మీ అన్న పేరుతో మొదలుపెట్టకండి. "ఫలానావాడు తిన్నాడు" అని రాస్తే అది ఇంటి గొడవ అయిపోతుంది, మీ పెదనాన్న, మీ అమ్మగారి మధ్యకు వస్తుంది. పని ఐడీ, మస్టర్ నంబరు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, ఫలానావాళ్లు పనికి రాలేదు, అంతే. పైగా బినామీ డబ్బు ఒక్క మనిషి జేబులో ఉండదు. ఖాతా ఉన్నవాడు కొంత ఉంచుకుంటాడు, మిగతాది నాలుగు చేతులు మారుతుంది. మీ అన్న చివరి చెయ్యి కాకపోవచ్చు.

ఆ కాగితం ఎంపీడీవో ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. ఫిర్యాదును రిజిస్టరులో రాసి ఏడు రోజుల్లో తేల్చాలని చట్టంలోనే ఉంది. తేల్చకపోయినా ఆ రసీదు మీ దగ్గర ఉంటే తనిఖీ బృందం దాన్ని పక్కన పడేయలేదు. మీకు కావలసిన రికార్డు పంచాయతీలో ఉంటే సమాచార హక్కు కింద అడగండి, మన రాష్ట్రంలో పంచాయతీ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండలంలో ఐదు రూపాయలు. కలెక్టరేట్ సోమవారం అర్జీకి తర్వాతైనా వెళ్లొచ్చు. ముందే వెళితే అది తిరిగి తిరిగి మీ ఎంపీడీవో టేబుల్ మీదకే వస్తుంది. ఈ పనంతా బృందం ఊరికి రాకముందే అవ్వాలి. ప్రజావేదికలో లేచి మొదటిసారి చెప్తాననుకుంటే, నివేదికలో లేనిది ఆ రోజు ఎవరూ పట్టించుకోరు.

మీ అమ్మగారి సంగతి విడిగా చూడండి. 2025-26లో మన రాష్ట్రానికి రోజు కూలి 307 రూపాయలు, కానీ కొలతను బట్టి పడుతుంది కాబట్టి తక్కువ వచ్చినంత మాత్రాన కోత అనుకోకండి. పక్క గ్రూపుకు ఎంత పడిందో పోల్చండి. కూలి ఆలస్యమైతే పరిహారం ఉంది, మస్టర్ ముగిసిన పదిహేను రోజులు దాటాక రోజుకు 0.05 శాతం. ఆరు రోజులు పూర్తి కూలి 1,842 మీద అది రోజుకు తొంభై రెండు పైసలు. నవ్వు వస్తుంది కానీ అడగండి, అడిగితే ఆలస్యం రికార్డవుతుంది.

2024 జనవరి నుంచి డబ్బు ఆధార్‌కు చివరగా లింకైన ఖాతాలో పడుతోంది. చాలామంది ఆడవాళ్లు పాత పాస్‌బుక్ పట్టుకుని "నాకు పడలేదు" అంటారు, అది పోస్టాఫీసు వాళ్లు ఎప్పుడో తెరిచిన ఇంకో ఖాతాలో ఉంటుంది. ఏ బ్యాంకో ముందు కనుక్కుని ఎంట్రీలు వేయించి పెట్టండి. బృందం వాళ్లు పగలు రారు, కూలీలు పనిలో ఉంటారు కదా. సాయంత్రం ఏడు దాటాక వస్తారు. ఆ వేళకు మీరు కూడా ఇంట్లో ఉండండి, అమ్మగారు ఒక్కరే ఉంటే ఫీల్డ్ అసిస్టెంట్ వాళ్ల వెనకే వచ్చి గడప దగ్గర నిలబడతాడు. అన్న వరస కదా, పొమ్మని ఆమె అనలేదు. మీరు "నువ్వు కాసేపు బయట ఉండన్నా" అంటే పోతాడు.

అనుమానం ఉన్న మస్టర్ల తేదీలు ఇక్కడ పెట్టండి, పేర్లు వద్దు. ఆ వారాల్లో మీ చుట్టుపక్కల జాతరలేమైనా ఉన్నాయేమో ముందు మీ అమ్మగారిని అడగండి.